నాబ్‌ల బాక్స్ కట్టా, దీన్ని టాంజిబుల్ ఇంటర్‌ఫేస్ అనొచ్చా?

నాబ్‌పిచ్చి:
ప్రాజెక్ట్ కోసం ఆర్డుయినో బోర్డుతో మిడి కంట్రోలర్ (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి నంబర్లు పంపే పెట్టె) ఒకటి కట్టాను, ఎనిమిది నాబ్‌లు (తిప్పేవి) నాలుగు ఫేడర్లు (పైకీ కిందకీ జరిపేవి), ల్యాప్‌టాప్‌లో సింథ్‌ని, అంటే సౌండ్ పుట్టించే సాఫ్ట్‌వేర్‌ని ఆడిస్తుంది. రిపోర్ట్‌లో టాంజిబుల్ యూజర్ ఇంటర్‌ఫేస్ (డేటాని చేత్తో పట్టుకునే వస్తువుల రూపంలో పెట్టే ఇంటర్‌ఫేస్) అని రాస్తే మా గైడ్ "చేత్తో పట్టుకునేదల్లా టాంజిబులే అయితే మౌస్ ఏం పాపం చేసింది" అని కొట్టేశారు. నాకు నోట మాట రాలేదు. ఆయన చెప్పింది కరెక్టేనా?

గోలీలబ్యాచ్:
కరెక్టే బ్రో. 1992లో డ్యురెల్ బిషప్ అనే డిజైనర్ ఒక ఆన్సరింగ్ మెషిన్ ఐడియా చూపించాడు, వచ్చిన ప్రతి మెసేజ్‌కీ ఒక గోలీ బయటికొస్తుంది, ఆ గోలీ తీసి మెషిన్ మీద గుంటలో పెడితే మెసేజ్ వినిపిస్తుంది, ఫోన్ మీద పెడితే చేసినవాళ్లకి తిరిగి కాల్ వెళ్తుంది. అక్కడ గోలీయే మెసేజ్. నీ నాబ్ ఇవాళ కటాఫ్ (సౌండ్ ఫిల్టర్ ఎక్కడ కోయాలో చెప్పేది), రేపు అసైన్ మార్చేస్తే వాల్యూమ్. దానికంటూ సొంత అర్థం ఏదీ లేదు కదా.

పాతలాగిన్:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 1997లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి ఇషీ, ఉల్మర్ "టాంజిబుల్ బిట్స్" పేపర్ రాశారు, ఆ తర్వాత 2000లో వాళ్లే ఇంకాస్త విడమరిచి చెప్పిందేంటంటే వస్తువు డేటాని తిప్పడమే కాదు, డేటాని చూపించాలి కూడా అని. మౌస్ ఫెయిలయ్యేది ఇక్కడే, అది టేబుల్ మీద ఏ మూలనున్నా స్క్రీన్ మీద కర్సర్ ఎక్కడుందో చెప్పలేం. ఫేడర్ అలా కాదు, సగంలో ఉంటే వాల్యూ 64 దగ్గర ఉందని చూడగానే తెలుస్తుంది (మిడిలో 0 నుంచి 127 కదా). పైగా ఒక్కో పనికి ఒక్కో ఫేడర్, రెండు చేతులతో రెండూ ఒకేసారి లాగొచ్చు, మౌస్‌తో ఆ పని చేసి చూపించండి.
ఇంకోటి, 2004లో ఫిష్కిన్ అసలు అవునా కాదా అని అడగడమే మానేసి ఎంతవరకు టాంజిబుల్ అని స్కేల్ పెట్టాడు, నేనైతే ఆ పార్టీయే.

నాబ్‌పిచ్చి:
అన్నా మీరు ఫేడర్ అనగానే ఒకటి గుర్తొచ్చింది. సింథ్‌లో ప్రీసెట్ (ముందే సేవ్ చేసిన సెట్టింగ్స్) మారిస్తే స్క్రీన్ మీద వాల్యూ 90కి వెళ్తుంది, నా ఫేడర్ మాత్రం కింద 10 దగ్గరే పడుంటుంది, అలా వేలు తగిలిందంటే సౌండ్ ఒక్కసారిగా కిందకి దూకుతుంది. డెమోలో అదే జరిగి పరువు పోయింది 😅

పాతలాగిన్:
హహ, మీ గైడ్ పట్టుకోవాల్సింది అదే, మౌస్ సంగతి కాదు. ప్రీసెట్ మారిన క్షణం నుంచి మీ ఫేడర్ అబద్ధం చెప్తోంది. పికప్ మోడ్ పెడితే ఫేడర్ ఆ వాల్యూని దాటేదాకా సింథ్ పట్టించుకోదు, దూకుడు ఆగుతుంది కానీ అబద్ధం అలాగే ఉంటుంది. మోటార్ ఫేడర్ వేస్తే ప్రీసెట్‌తో పాటు అదే కదిలి వెళ్లి 90 దగ్గర నిలబడుతుంది. ఖర్చు వద్దంటే ప్రీసెట్లు తీసేసి, ఒక్కో ఫేడర్‌కి పర్మనెంట్‌గా ఒకే పని ఇచ్చేయండి.

గోలీలబ్యాచ్:
మోటార్ ఫేడర్ అయితే నేనూ ఒప్పుకుంటా. నాబ్‌లకి మాత్రం నా ఓటు లేదు.

నాబ్‌పిచ్చి:
మోటార్లకి టైం లేదు, ప్రీసెట్లు పీకేస్తున్నా. ఆ నాలుగు ఫేడర్ల వరకే టాంజిబుల్ అని రాసి, నాబ్‌లని మామూలు కంట్రోలర్ కిందే వదిలేస్తా. సోమవారం మళ్లీ గైడ్ దగ్గరికి.