నాన్నగారి పాత పెంటాక్స్ లెన్సుకు ఏ డిజిటల్ కెమెరా తగినది?

అమలాపురం దగ్గర ఉంటున్న నేను, నాన్నగారు పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరాతో ఏళ్ల తరబడి వాడిన 50 ఎంఎం మాన్యువల్ లెన్సును వదులుకోలేక, అదే కె మౌంటు (లెన్సు బిగించే అమరిక) ఉన్న పాత డిజిటల్ ఎస్ఎల్ఆర్ కొనాలనుకుంటున్నాను. ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సరుపై ఆ లెన్సు సుమారు 75 ఎంఎం లెన్సులా చూపుతుందని, వెలుతురు కొలతకు ప్రతిసారీ బటన్ నొక్కాలని తెలుసు. అది నాకు ఇబ్బంది కాదు.

నా సందేహమంతా బ్యాటరీ గురించే. గోదావరి వరదల రోజుల్లో పడవపై లంక గ్రామాలకు వెళ్లి అక్కడివారి ఫొటోలు తీస్తుంటాను. ఆ సమయంలో ఛార్జింగ్ పెట్టుకోవడానికి కరెంటు ఉండదు. నాలుగు ఏఏ సెల్స్‌తో నడిచే పెంటాక్స్ కె-ఎక్స్ కెమెరా తీసుకోవాలా, లేక లిథియం బ్యాటరీతోనూ, విడిగా కొనే హోల్డరులో ఏఏ సెల్స్‌తోనూ నడిచే పెంటాక్స్ కె-ఆర్ మేలా? రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 1.2 వోల్టులే ఇస్తాయి కనుక, అవి నిండుగా ఉన్నా కెమెరా ఖాళీ అయ్యాయని చూపుతుందా? స్వయంగా వాడినవారు దయచేసి తెలియజేయగలరు.