పాత స్విఫ్ట్‌కు స్పీకర్లు: వాట్లు చూడాలా, సెన్సిటివిటీ చూడాలా?

నల్గొండ వాహనదారు
మా 2010 స్విఫ్ట్‌లో కంపెనీ బిగించిన స్టీరియో సెట్టు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నది. ముందు తలుపుల్లోని ఆరున్నర అంగుళాల స్పీకర్లు మాత్రం పాడయ్యాయి; కోను చుట్టూ ఉండే అంచు మన ఎండలకు పొడిగా రాలిపోయి, శబ్దం కాస్త పెంచగానే బరబరమంటున్నాయి. సెట్టు మార్చే ఆలోచన లేదు. అమ్మానాన్నలను తరచుగా హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్తుంటాను, దారిలో వెనుక సీట్లో కూర్చొని వారు ఒగ్గు కథలు పెట్టమంటారు. ఇక్కడి దుకాణంలో పెట్టె మీద 350 వాట్లు అని ఉన్న జతను చూపిస్తున్నారు. తీసుకోవచ్చునా?

జడ్చర్ల శ్రోత
ఆ 350ని చూసి కొనకండి. అది క్షణకాలం తట్టుకోగల గరిష్ఠ శక్తి. నిలకడగా తట్టుకునే ఆర్‌ఎంఎస్ అంకె అదే పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైగా స్పీకరు శక్తిని పుట్టించదు, సెట్టు ఇచ్చినదాన్నే శబ్దంగా మారుస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14 వోల్టులు. దానితో 4 ఓమ్‌ల స్పీకరుకు సెట్టులోని చిప్పు శుభ్రంగా ఇవ్వగలిగేది 20 వాట్లకు అటూఇటుగానే ఉంటుంది, సెట్టు మీద ఎంత పెద్ద అంకె రాసినా సరే. కాబట్టి సెన్సిటివిటీ చూడండి, అంటే ఇచ్చిన శక్తికి స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే డెసిబెల్స్ అంకె. 89 డెసిబెల్స్ ఉన్న స్పీకరుకు 20 వాట్లు కావలసిన చోట 92 ఉన్నదానికి 10 సరిపోతాయి. రబ్బరు అంచు ఉన్న కోయాక్సియల్ జత, అంటే కోను మధ్యలోనే సన్నని స్వరాలకు చిన్న ట్వీటరు ఉన్నది, మీకు చాలు.

మిర్యాలగూడ ఆడియో
శ్రోత గారూ, ఆ డెసిబెల్స్ అంకెను మాత్రం ఎందుకు నమ్మాలి? కొన్ని కంపెనీలు ఒక వాటు ఇచ్చి కొలుస్తాయి, కొన్ని 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తాయి. 4 ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులంటే 2 వాట్లు. మీరు చెప్పిన 3 డెసిబెల్స్ తేడా అక్కడే కాగితం మీద పుట్టుకొస్తుంది. నిజంగా తేడా కావాలంటే నాలుగు స్పీకర్లకూ విడివిడిగా శక్తినిచ్చే చిన్న నాలుగు ఛానెళ్ల ఆంప్లిఫయర్ పెట్టించాలి. ఛానెలుకు 50 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్నా చాలు, శబ్దం పెంచినప్పుడు మాట పగలదు.

దేవరకొండ ప్రయాణికుడు
ఏది కొన్నా ముందు తలుపులో స్పీకరు పట్టే లోతు కొలుచుకోండి. అయస్కాంతం పెద్దదైతే అద్దం దించినప్పుడు తగులుతుంది.

జడ్చర్ల శ్రోత
ఆంప్లిఫయర్ అనగానే నాకు భయమే. మా పట్టణంలో ఒక దుకాణంవారు బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి, దగ్గరలో ఫ్యూజు పెట్టకుండా వదిలేశారు. తీగ ఇనుప రేకు అంచుకు ఒరుసుకొని పొగ వచ్చింది. ఆ రోజు కారులో మా పిల్లలు ఉన్నారు. పైగా స్టీరియో వెనుక తీగలన్నీ కలిసే ప్లగ్గును, అదే కప్లరును, కత్తిరించి తీగలు మెలిపెట్టారు, కంపెనీ వైరింగు మళ్ళీ పూర్వంలా కాలేదు. అతికే కప్లరు బజారులో దొరుకుతుండగా తీగలు కోయడం దేనికి?

మిర్యాలగూడ ఆడియో
ఫ్యూజు పెట్టనిది పనివాడు, ఆంప్లిఫయర్ కాదు. బ్యాటరీ నుంచి ఒకటిన్నర అడుగు లోపల ఫ్యూజు ఉండాలన్నది ఈ పనిలో మొదటి నియమం. నేనడిగిన 2.83 వోల్టుల సంగతికి మీరింకా జవాబు చెప్పలేదు.

జడ్చర్ల శ్రోత
చెబుతాను. ఏ పద్ధతిలో కొలిచారో పెట్టె మీద చూసుకొని, ఒకే పద్ధతిలో కొలిచినవాటినే పోల్చుకోవాలి. దాని కోసం ఎనిమిది, పది వేలు అదనంగా ఖర్చు పెట్టించనక్కర లేదు. మీకు దుకాణం ఉన్నది కనుక ప్రతి ప్రశ్నకూ ఆంప్లిఫయరే జవాబవుతున్నది.

మిర్యాలగూడ ఆడియో
దుకాణం నడపడం నేరం కాదు. ఇంత రాసిన మీరు ప్రశ్నను సరిగా చదవలేదు. ఒగ్గు కథ వినవలసినవారు వెనుక సీట్లో కూర్చున్న పెద్దవారు. మీ సలహా అంతా స్టీరింగు ముందు కూర్చున్నవారి చెవి కోసమే. ముందు ఎంత మంచి జత పెట్టినా, టైర్ల హోరు దాటి వెనక్కి మాట చేరాలంటే డ్రైవరు శబ్దం పెంచుతూ పోవాలి.

జడ్చర్ల శ్రోత
అవును, పాట ముందు నుంచే రావాలన్నది నా గట్టి అభిప్రాయం, దాచుకోవడం లేదు. వెనుక స్పీకర్లు పెంచితే గాయకుడు వెనక నిలబడి పాడుతున్నట్టుంటుంది. అయితే మాట వినబడకపోవడానికి కారణం శక్తి తక్కువ కావడం కాదు, తలుపు. లోపలి రేకుకున్న రంధ్రాలు తెరిచి ఉంటే కోను వెనుక పుట్టిన శబ్దం ముందుకు వచ్చి కింది స్వరాన్ని చెరిపేస్తుంది. రేకుకు అతుక్కునే రబ్బరు లాంటి బ్యుటైల్ షీటుతో వాటిని మూసి, వాన నీరు లోపలికి రాకుండా ఉండే ప్లాస్టిక్ పొరను తిరిగి అతికించమనండి. టైర్ల హోరు కూడా కొంత తగ్గుతుంది.

పాలమూరు కారు
ప్లస్, మైనస్ తీగలు ఒక తలుపులో తారుమారైతే బేస్ మాయమవుతుంది. బిగించే ముందు స్పీకరు ప్లస్‌కు 1.5 వోల్టుల సెల్లు ప్లస్ తాకించండి, కోను బయటికి కదలాలి.

నల్గొండ వాహనదారు
ఇద్దరికీ ధన్యవాదాలు. శబ్దం పెంచితే జాతీయ రహదారి 65 మీద లారీల హారను నాకు వినబడదు, తగ్గిస్తే నాన్నకు కథలో మాటలు అందవు. అసలు ఇబ్బంది ఇదే. వెనుక స్పీకర్ల అంచులు ఇంకా బాగానే ఉన్నాయి. ఆడియో గారూ, వెనుకవారి కోసం ఫేడరును, అంటే ముందు వెనుక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే మీటను, వెనక్కి తిప్పి చూశాను. నల్గొండ వీధుల్లో మాటలు స్పష్టంగా ఉన్నాయి, చిట్యాల దాటి వేగం పెంచాక మళ్ళీ కలగాపులగం అవుతున్నాయి.

మిర్యాలగూడ ఆడియో
వేగం పెరిగాకే మాట పోతున్నదంటే శక్తి చాలడం లేదు. ముందు జత మామూలుది పెట్టండి, ఆ మిగిలిన డబ్బు ఆంప్లిఫయరుకు పెట్టి వెనుక స్పీకర్లను నడపండి.

జడ్చర్ల శ్రోత
వేగం పెరిగాకే పోతున్నదంటే అది రోడ్డు హోరు. నాలుగు తలుపులకూ షీటు వేయించి, వెనుక జతను కూడా ఎక్కువ సెన్సిటివిటీ ఉన్నదానితో మార్చి వినండి. అప్పటికీ నాన్నగారికి అందకపోతే ఆంప్లిఫయర్ మాట ఎత్తుదాం.