పాత ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్: విప్పి ఇవ్వాలా, విప్పకుండా నిండుగా ఇచ్చేయాలా?

పానాపట్టు:
కొత్తది ఇంట్లోకి రాగానే పాతది నడిచే దారికి అడ్డం. తుక్కువాళ్లు ఫ్రిజ్‌ని చూసి "అంతా ప్లాస్టిక్కే" అని తూకంలో కోత పెడతారు. రీసైక్లింగ్ వాళ్లేమో కంప్రెసర్ లేకపోతే తీసుకోం అంటారు. పై అంతస్తు నుంచి దించడం మాత్రం ఎవరి పనీ కాదు. అందుకే నా వాదన ఇది: చేతిలో పానాలు, స్క్రూడ్రైవర్లు ఉండి పని తెలిసినవాళ్లు ఇంట్లోనే విప్పి రాగి, అల్యూమినియం, ఇనుము వేరుచేసి ఇవ్వడమే మేలు. బరువు తగ్గుతుంది, లోహాలు కలగాపులగం కావు. వద్దనేవాళ్లు ఏ భాగం దగ్గర వద్దంటున్నారో, ఎందుకో చెప్పండి. "ప్రమాదం" అని ఒక్క ముక్కతో తేల్చేయకండి.

గేజ్‌సెట్:
ఫ్రిజ్‌తోనే మొదలుపెడదాం. వెనక కంప్రెసర్ మీదో, లోపలి గోడకో ఉన్న స్టిక్కర్ చదవండి, చల్లబరిచే గ్యాస్ పేరు దాని మీదే ఉంటుంది. ఆర్-600ఏ అని ఉంటే లోపల ఉన్నది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ జాతిదే. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లో సాధారణంగా వంద గ్రాముల లోపే ఉంటుంది. ఇంతేగా అనుకోవద్దు. ఇది గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. గాలిలో దాదాపు 2 శాతానికి చేరితే చాలు, గ్రైండర్ రవ్వకి అంటుకుంటుంది.

ఆర్-134ఏ అయితే అంటుకోదు. కానీ భూమిని వేడెక్కించడంలో అంతే బరువు కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 1,400 రెట్లు. ఇంకా పాత ఆర్-12 అయితే ఓజోన్ పొరకే ఎసరు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వచ్చింది ఇలాంటి వాయువులను ఆపడానికే. ఆ కాలపు ఫ్రిజ్‌లలో చాలామంది మర్చిపోయేది గోడల మధ్య నురుగు. దాన్ని ఉబ్బించింది ఆర్-12 జాతిదే అయిన సీఎఫ్‌సీ-11 అనే గ్యాస్‌తో, అదీ గొట్టాల్లో తిరిగే గ్యాస్‌కన్నా ఎక్కువ మోతాదులో. కాబట్టి గొట్టాల జోలికి పోకుండా పెట్టె గోడలు మాత్రమే పగలగొట్టినా గ్యాస్ పోతూనే ఉంటుంది.

ఇంత చేసి చేతికొచ్చేదేమిటి? వెనక నల్లటి జాలీ చాలావాటిలో రంగేసిన ఇనుప గొట్టం. కంప్రెసర్ వెల్డింగ్ చేసిన ఉక్కు డిప్ప. కోస్తే ముందు కారేది నూనె. లోపలి మోటారు తీగచుట్ట (వైండింగ్) అల్యూమినియం అయితే రాగి ఆశ కూడా పాయె.

తుక్కుతూకం:
గేజ్‌సెట్ గారూ, అన్నీ నిజమే. కానీ నిండుగా ఇస్తే గ్యాస్‌ని ఎవరో భద్రంగా తీస్తారని మీ నమ్మకమా? బండి సందు తిరిగాక కటింగ్ ప్లయర్‌తో గ్యాస్ నింపే చార్జింగ్ పైపు గిల్లేస్తారు, బుస్సుమని రెండు నిమిషాల్లో ఖాళీ. మన ఇంట్లో పోవాల్సింది వాళ్ల యార్డులో పోతుంది, తేడా అంతే.

ఇంకో సంగతి. వాషింగ్ మెషీన్‌ని కూడా ఇదే గాటన కట్టకండి. అందులో గ్యాస్ లేదు. ఫ్రంట్ లోడ్ మెషీన్‌ని ఇద్దరు మోయలేకపోవడానికి కారణం కాంక్రీటు దిమ్మలు. టబ్ ఊగకుండా పైనా ముందూ బిగిస్తారు, రెండూ కలిపి ఇరవై కిలోలు దాటడం మామూలే. ప్లగ్ పీకి, కుళాయి కట్టేసి, కింద ముందువైపు ఫిల్టర్ మూత మెల్లగా తిప్పండి. ఎంత ఖాళీ చేశామనుకున్నా లీటరో రెండో మిగిలే ఉంటాయి, పళ్లెం పెట్టకపోతే గదంతా నీళ్లే. తర్వాత వెనక రెండు స్క్రూలు తీసి పైమూత వెనక్కి జరిపితే పై దిమ్మ కనబడుతుంది. దాన్ని విప్పేటప్పుడు టబ్‌ని ఎవరైనా కిందికి నొక్కి పట్టుకోవాలి. బరువు పోగానే స్ప్రింగులు దాన్ని పైకి లాగుతాయి, మధ్యలో వేళ్లుంటే నలుగుతాయి.

మోటారు తీశాక రాగి అని సంబరపడకుండా వైండింగ్ తీగ మీద బ్లేడుతో చిన్న గీత పెట్టండి. పైన ఎనామిల్ రంగు అచ్చం రాగిలాగే మెరుస్తుంది. కింద తెల్లగా తేలితే అల్యూమినియం.

మూడోఅంతస్తు:
ఎవరూ ఎత్తని మాట. ఫ్రిజ్ విప్పినా విప్పకపోయినా తలుపులు మాత్రం తీసేయండి, ముఖ్యంగా ఆరుబయట పెట్టేటప్పుడు. పిల్లలు లోపలికి దూరి ఊపిరాడక చనిపోయిన ఘటనల వల్లే అమెరికాలో 1956లో ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలని చట్టం చేశారు. పై కీలు బోల్టులు రెండు మూడు విప్పితే తలుపు పైకి లేచి వచ్చేస్తుంది. మెట్ల మీద బరువూ తగ్గుతుంది. అద్దం అరలు ముందే తీసి విడిగా దించండి.

పానాపట్టు:
తలుపుల మాట బాగుంది. మరి స్ప్లిట్ ఏసీ? గోడకున్న దాన్ని విప్పకుండా నిండుగా ఎలా ఇస్తారు? అక్కడ విప్పడం తప్పదు కదా.

గేజ్‌సెట్:
తప్పదు. కానీ పద్ధతి ఉంది: గ్యాస్ మొత్తాన్నీ బయటి యూనిట్‌లోకి లాగి బంధించాలి. మెషీన్ కూలింగ్‌లో నడుస్తుండగా ముందు సన్న పైపు వాల్వ్‌ని ఎలెన్ కీతో మూయాలి. లావు పైపుకి తగిలించిన ఒత్తిడి గేజ్ సూది సున్నా వైపు దిగుతుంది. సున్నాకి కాస్త పైన ఉండగానే లావు పైపు వాల్వ్ కూడా మూసి, వెంటనే మెషీన్ ఆపేయాలి. నట్లు వదులు చేయడం ఆ తర్వాతే.

తొందరపడి కంప్రెసర్ నడుస్తుండగానే నట్టు వదులు చేస్తే అది బయటి గాలిని పీలుస్తుంది. గాలీ నూనె ఆవిరీ కలిసి ఒత్తిడికి వేడెక్కి కంప్రెసరే పేలిపోవచ్చు. ఇవి ఊహించి చెబుతున్నవి కావు, జరిగిన ప్రమాదాలే.

అసలు చిక్కు వేరే. మనం ఏసీ పారేసేది చాలాసార్లు కంప్రెసర్ చచ్చిపోయాకే. అప్పుడు లాగేదెవరు? గ్యాస్‌ని పీల్చి సిలిండర్‌లో పట్టే రికవరీ మెషీన్ విడిగా తెచ్చేవాళ్లే కావాలి. లేదంటే ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో వదిలినా రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే.

అధికవోల్టు:
మైక్రోవేవ్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు, మంచిదే. దాన్ని అసలు తెరవొద్దు. లోపల కెపాసిటర్ రెండు వేల వోల్టుల దగ్గర పనిచేస్తుంది, ప్లగ్ పీకాక కూడా చార్జి నిలవ ఉండొచ్చు. చార్జి దిగిపోవడానికి రెసిస్టర్ పెడతారు నిజమే, అది కాలిపోయిన సంగతి బయటికి కనబడదు. మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌లో పింగాణీ భాగాలు కొన్ని రకాల్లో బెరీలియం ఆక్సైడ్‌వి, పగిలితే ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం. ఇంత సాహసం ఒక ట్రాన్స్‌ఫార్మర్ కోసం!

పాత డబ్బా టీవీ కూడా అంతే. ట్యూబు మెడ మీదున్న రాగి చుట్ట కోసం మెడ విరిచేస్తారు. లోపలిది శూన్యం, గాజు ముక్కలు ఎటు లేస్తాయో చెప్పలేం. ఆ తర్వాత సీసం కలిసిన గాజు మిగులుతుంది. రాగి పోయిన ట్యూబుని ఊరికే ఇస్తామన్నా ఎవరూ ముట్టుకోరు.

పానాపట్టు:
సరే. ఫ్రిజ్, మైక్రోవేవ్, ట్యూబు టీవీ నా జాబితాలోంచి తీసేస్తున్నా. వాషింగ్ మెషీన్ విషయంలో మాత్రం తగ్గేది లేదు. దిమ్మలు దించితే మెట్లు దిగడం మనుషులు చేయగల పని అవుతుంది.

తుక్కుతూకం:
దిమ్మలు దించండి, మోటారు మాత్రం ఉంచండి. మోటారు లేని మెషీన్‌ని "అసంపూర్ణం" అని తిప్పిపంపేవాళ్లున్నారు. అప్పుడు డ్రమ్ము, టబ్బు మన గుమ్మంలోనే మిగులుతాయి. చాలా టబ్బులు వేడితో అతికించినవి, బోల్టులుండవు. లోపలి స్టీలు డ్రమ్ము కావాలంటే రంపం పట్టాల్సిందే.

నా మొదటి ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. నిండుగా ఇచ్చిన ఫ్రిజ్ గ్యాస్ నిజంగా తీస్తున్నారని తెలిసేదెలా?

గేజ్‌సెట్:
పూర్తిగా తెలియదు. అడిగి కొంత పసిగట్టొచ్చు. ఫోన్‌లోనే మూడు అడగండి: గ్యాస్ దేంతో తీస్తారు, తీసిన గ్యాస్ ఎక్కడికి పంపుతారు, నురుగుని ఏం చేస్తారు. మొదటిదానికి "వాక్యూమ్ పంపు" అంటే వదిలేయండి. అది గొట్టాలను ఖాళీ చేసి గాలిలోకే వదులుతుంది, సిలిండర్‌లో పట్టదు. రికవరీ మెషీన్, తూకం వేసిన సిలిండర్ అన్నవాళ్లకే ఇవ్వండి. సీరియల్ నంబరు కనిపించే ప్లేటు ఫోటో తీసుకుని, వాళ్లిచ్చే రసీదు మీద అదే నంబరు రాయించుకోండి. నంబరు రాయనంటే బండి ఎక్కించకండి.

తుక్కుతూకం:
నంబరు రాసేవాళ్లు దొరికేదాకా ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి మరి.

మూడోఅంతస్తు:
తలుపులు తీసి, నిలువుగా, గోడకి. పడుకోబెట్టి పెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పోతుంది, రేపు ఎవరైనా బాగుచేసి వాడదామన్నా ఇబ్బందే. తీసిన కీలు బోల్టులు కవర్లో వేసి లోపలి గోడకి టేపుతో అంటించండి.