కెమికల్ ట్యాంకర్ వెనక బోర్డు తెలుగులో కూడా ఉండాలా, అక్కర్లేదా?

హైవే16:
మా ఊరు నేషనల్ హైవే 16 పక్కనే, పొద్దస్తమానం ట్యాంకర్లు పోతూనే ఉంటాయి. పోయిన వానాకాలం ఒక ట్యాంకర్ రోడ్డు దిగి పంటకాలవ గట్టు మీద ఒరిగిపోయింది, వాల్వు దగ్గర సన్నగా కారుతోంది, పది నిమిషాల్లో జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని వచ్చేశారు డీజిలనుకుని. మా బాబాయి అడ్డం నిలబడి బోర్డు చూస్తే అంతా ఇంగ్లీషు, ఒక నంబరు, చేతి మీద ఏదో చుక్కలు పడుతున్న బొమ్మ. ఆ బొమ్మ చూసి ఒక పెద్దాయన చేతులు కడుక్కునే మందేమోరా అన్నాడు. నేను ఫోన్లో 1830 అని కొడితే సల్ఫ్యూరిక్ యాసిడ్ అని వచ్చింది. అప్పటికింకా ఎవరూ చెయ్యి పెట్టలేదు కాబట్టి సరిపోయింది. ప్రమాదం జరిగితే ముందు పరిగెత్తేది ఊరోళ్ళే కదా, మరి వాళ్ళకి అర్థమయ్యే ముక్క ఒక్కటి కూడా బోర్డు మీద ఎందుకు ఉండదు?

ప్లాంట్_సేఫ్టీ:
మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను బ్రదర్. మోటారు వాహనాల రూల్స్ 1989లో 134వ రూల్ ప్రకారం ఆ ప్యానెల్ రెండు పక్కలా, వెనకా ఉండాలి, సరుకు పేరు 50 మిల్లీమీటర్ల అక్షరాల్లో, యూఎన్ నంబరు (ఏ సరుకో చెప్పే నాలుగంకెల అంతర్జాతీయ నంబరు) 100 మిల్లీమీటర్లలో, బొమ్మ 250 మిల్లీమీటర్లు, కింద ఎమర్జెన్సీ ఫోన్లు. అందులో ఇప్పటికే ఖాళీ లేదు. గుజరాత్‌లో లోడైన బండి మహారాష్ట్ర, తెలంగాణ దాటి వైజాగ్ వస్తుంది, ఎన్ని లిపులు రాయిస్తారు? రాస్తే అక్షరాలు చిన్నవైపోయి ఎవరికీ కనపడవు. యూరప్‌లో అయితే పేరు కూడా అక్కర్లేదు, ఆరెంజ్ ప్లేటు మీద పైన ప్రమాదం రకం చెప్పే 33, కింద సరుకు నంబరు 1203 ఉంటే పెట్రోలని ఏ దేశం ఫైర్ వాళ్ళకైనా తెలుస్తుంది, పై నంబరు ముందు ఎక్స్ ఉంటే నీళ్ళు కొట్టకూడదని అర్థం. అంకెకి భాష లేదు, దాని బలమే అది. ఇంకో మాట, బోర్డు చదవడానికి ఊరోళ్ళు దగ్గరికి రావడమే ప్రమాదం.

పటాన్‌చెరు_ట్యాంకర్:
అన్నా మీరిద్దరు భాష గురించి కొట్లాడుతున్నరు, అసలు బోర్డు మీద ఉన్నది లోపల ఉన్నదాన్తోని కలుస్తదా అని ఎవరన్న అడిగిన్రా. నేను పదకొండేండ్లసంది నడుపుతున్న. ఇయ్యాల సాల్వెంట్, రేపు యాసిడ్, బోర్డు మాత్రం పాతదే ఉంటది, మార్చమంటే ఓనరు మల్ల ట్రిప్పుకు చూద్దాం అంటడు. ఖాళీ బండైతే బోర్డు మీద గుడ్డ కప్పేటోళ్ళను చూసిన. పెట్రోల్ దింపినంక లోపల ఆవిరి అట్లనే ఉంటది, నిండు బండి కన్న అదే డేంజర్. తప్పుడు నంబరు చూసి ఫైరోళ్ళు నీళ్ళు కొడితే గప్పుడు ఏ భాషల రాసినా ఏం లాభం?

రిటైర్డ్_ఫైర్‌మన్:
తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మేం ముందు చూసేది బోర్డు మీది హాజ్‌కెమ్ కోడే, అంటే దేంతో ఆర్పాలో, ఏం జాగ్రత్త పడాలో చెప్పే అంకే అక్షరాలూ. మొదటి అంకె 2 అయితే సన్నటి తుంపరలా కొట్టాలి, 3 అయితే ఫోమ్, 4 అయితే నీళ్ళు తగలకూడదు, చివర ఇ ఉంటే జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలి. అది తప్పైతే మా వాళ్ళ ప్రాణాలే పోతాయి. కానీ సేఫ్టీ గారూ, మేం వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది? ఆ అరగంట, ముప్పావుగంట అక్కడ ఉండేది ఊరే. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లో అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర పెట్రోల్ ట్యాంకర్ బోల్తా పడితే ఏరుకోవడానికి వెళ్ళినవాళ్ళు 200 మందికి పైగా కాలిపోయారు. అది పెట్రోలని వాళ్ళందరికీ తెలుసు. అంటే పేరు తెలిస్తే చాలదు, ఏం చెయ్యకూడదో తెలియాలి. ఆ పని ఇంగ్లీషు పేరూ చెయ్యదు, నంబరూ చెయ్యదు. రెండంగుళాల అక్షరం చదవాలంటే ఎంత దగ్గరికి పోవాలో మీరే చెప్పండి, ఎల్పీజీ అయితే గాలికన్నా బరువు, అప్పటికే కాళ్ళ దగ్గర పల్లంలో పరుచుకుని ఉంటుంది.

హైవే16:
ఫైర్ గారూ నేను చెప్పాలనుకున్నది అదే. నంబరు తీసెయ్యమని, ప్యానెల్ మార్చమని నేను అనట్లేదు, ట్యాంకు వెనక గుండ్రటి భాగమంతా ఖాళీనే కదా, అక్కడ జానెడేసి అక్షరాలతో "కారితే దగ్గరికి రావద్దు, పట్టుకోవద్దు, 112కి ఫోన్ చెయ్యండి" అని రాస్తే ఏం పోతుంది? పేరు అక్కర్లేదు, కాబట్టి లోడు మారినా మాట మారదు. పెట్రోలు, గ్యాస్ బండ్లు చాలావరకు డిపో చుట్టుపక్కల జిల్లాల్లోనే తిరుగుతాయి, వాటికైనా ఐదు భాషల గొడవ లేదు.

ప్లాంట్_సేఫ్టీ:
ప్యానెల్ ముట్టుకోకుండా అంటే నాకూ పెద్ద అభ్యంతరం లేదు. కానీ అన్ని బండ్ల మీదా ఒకటే మాట ఉంటే నాలుగు నెలలకి ఎవరూ పట్టించుకోరు, "సౌండ్ హారన్" లాగా అయిపోతుంది, ఆ భయం నాకింకా ఉంది. పటాన్‌చెరు అన్నా, బోర్డు తప్పు ఉంటే గేటు దగ్గర ఆపాల్సింది మేమే, 131వ రూల్ సరుకు పంపేవాళ్ళ మీద కూడా బాధ్యత పెట్టింది. మా దగ్గర లోడింగ్ స్లిప్పు నంబరూ బోర్డు నంబరూ కలవకపోతే బండి బయటికి పోదు, అందరూ ఇలా చేస్తున్నారని మాత్రం చెప్పలేను.

పటాన్‌చెరు_ట్యాంకర్:
సార్ మీ గేటు కాడ ఆపుతరు సరే, నాలుగు ప్లాంట్లు తిరుగుత, ఒక్క కాడనే ఆపుతరు. ప్రమాదమైతే ఏం చెయ్యాల్నో రాసి క్యాబిన్ల పెట్టే ట్రెమ్ కార్డు గుడ ఇంగ్లీషే, మూడు రోజుల ట్రైనింగ్‌ల ఒక్కసారి చదివి వినిపించిన్రు, గంతే. బండి మీద తెలుగు రాసేముందు ఆ కార్డు తెలుగుల ఇయ్యిన్రి, బండి పడ్డప్పుడు ఊరోళ్ళకు చెప్పాల్సింది ఫస్టు నేనే.

రిటైర్డ్_ఫైర్‌మన్:
హైవే తమ్ముడూ, రూల్ మారేదాకా ఆగకుండా మీ ఊళ్ళో టీకొట్టు గోడ మీద ఒక పట్టిక రాయించు. 1203 పెట్రోలు, 1075 గ్యాస్, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1830 యాసిడ్. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని అటువైపు దూరంగా నిలబడి, ఫోన్లో జూమ్ చేసి నంబరు చూసి, 112కి ముందు ఆ నంబరే చెప్పాలి. దారిలో ఉండగానే మాకు ఫోమ్ కావాలో నీళ్ళు కావాలో తెలిసిపోతుంది.

హైవే16:
ఈ ఆదివారమే రాయిస్తాను అన్నగారూ. పటాన్‌చెరు అన్నా, ఆ ట్రెమ్ కార్డు ఫోటో తీసి పెట్టగలవా, నేను తెలుగులో రాస్తాను, సేఫ్టీ గారు తప్పులుంటే దిద్దుతారు.