ఫ్లోరిడాలో టాంపాలో ఉంటాం, ఇద్దరు చిన్నపిల్లలు: థీమ్ పార్కులకి ఏ యాన్యువల్ పాస్ నయం?

పాపకి నాలుగేళ్లు, బాబుకి ఈమధ్యే రెండు నిండాయి. డిస్నీ అంటే ఇద్దరికీ ప్రాణం, కానీ నలుగురికీ పాస్‌లంటే బడ్జెట్ చూసి టెన్షన్ వస్తోంది. చిన్నపిల్లలున్నవాళ్లు ఏం తీసుకున్నారో చెప్పండి ప్లీజ్.

జవాబు 1: డిస్నీలో మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదండి, కాబట్టి మీకు కావాల్సింది మూడే పాస్‌లు. అయితే మూడు దాటాక యాన్యువల్ పాస్‌కి పిల్లల ధర అంటూ వేరే లేదు, పాపకీ పెద్దవాళ్ల రేటే. డిస్నీ యాన్యువల్ పాస్‌లలో అన్నిటికన్నా చవకైనది పిక్సీ డస్ట్ అనే పాస్. ఫ్లోరిడావాళ్లకే ఇస్తారు, కానీ శని ఆదివారాలు, పెద్ద పండగ సెలవులు పనికిరావు. మీ ఇద్దరికీ వీక్‌డేస్‌లో ఆఫీసు ఉంటే అసలు తీసుకోవద్దు. ఒకరు ఇంట్లో ఉంటే మాత్రం బంగారం లాంటి పాస్, పార్కింగ్ కూడా అందులోనే.

జవాబు 2: టాంపాలో ఉండి, అక్కడే ఉన్న బుష్ గార్డెన్స్ థీమ్ పార్కు వదిలేస్తారేంటండీ? ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న ఫ్లోరిడా పిల్లలకి ప్రీస్కూల్ కార్డ్ (పిల్లల ఎంట్రీ పాస్) ఫ్రీగా ఇస్తారు, ఆన్‌లైన్‌లో గడువులోపు రిజిస్టర్ చేసుకోవాలి. అంటే మీ ఇద్దరికే ఖర్చు. సెసమీ స్ట్రీట్ (పిల్లల టీవీ షో) ఏరియా, జంతువులు, ఈ వయసుకి చాలు. డిస్నీకి పాప ఎత్తు 44 అంగుళాలు దాటాక వెళ్లండి, స్పేస్ మౌంటెన్ రోలర్ కోస్టర్ కూడా ఎక్కనిస్తారు.

జవాబు 3: నాదీ అదే మాట. లెగోలాండ్ థీమ్ పార్కు కూడా చిన్నపిల్లలకి బావుంటుంది కానీ పక్కనున్న పెప్పా పిగ్ పార్కుకి గేటు వేరు, పాస్‌లో అది కలిసిందో లేదో చూసి కొనండి.