హాఫ్ ప్లేట్ పెడితే వాతావరణం మీద వాదనలు, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మాది చిన్న బిర్యానీ హోటల్. ఫుల్ ప్లేట్ 280 రూపాయలు, చాలామంది ఒక్కరే తినలేరు. మధ్యాహ్నం మూడున్నరకి ఎంగిలి డ్రమ్ము చూస్తే మసాలా అంటని తెల్లన్నమే పైదాకా ఉంటుంది. ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే 160కి హాఫ్ ప్లేట్ పెట్టాం. పారేసిన అన్నం కుళ్లితే మీథేన్ వస్తుందని, అది భూమిని వేడెక్కిస్తుందని కౌంటర్ దగ్గర బోర్డు కట్టాం. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందన్న ఐక్యరాజ్యసమితి లెక్కా రాశాం. "వాతావరణ మార్పంతా ఉత్తిదే, లాభం కోసం అన్నం తగ్గిస్తున్నారు" అని కొందరు అక్కడే వాదనకు దిగుతున్నారు. (2017లో కేంద్ర మంత్రి రాం విలాస్ పాశ్వాన్ హోటళ్లలో వడ్డించే పరిమాణం సంగతి ఎత్తినప్పుడూ, మా ప్లేటు జోలికి ప్రభుత్వం రావడమేంటి అన్నవాళ్లున్నారు.) బోర్డు తీసేసి సర్వర్లతో "హాఫ్ సరిపోతుందా అండీ" అని అడిగిస్తే అవమానంగా తీసుకుంటున్నారు.

ఫుల్ ప్లేట్ మాత్రం తీసేయను. కష్టం చేసి ఆకలితో వచ్చేవాళ్లకి అది కావాలి.

హోటల్ నడిపినవాళ్లు చెప్పండి: వాతావరణం ఊసెత్తకుండా, కస్టమరే హాఫ్ ప్లేట్ అడిగేలా మెనూలో దాన్ని ఎలా పెట్టాలి?