ఇంటి పక్కనే రైతు బజారు ఉండగా ఫ్రోజెన్ బఠాణీ దేనికి?

(విశాఖలో ఒక్కో పేట నుంచి ఒక్కొక్కరి మాట)

ఎంవీపీ కాలనీ: మా ఆడపడుచు ఫ్రీజర్ నిండా బఠాణీ, స్వీట్ కార్న్ ప్యాకెట్లే. నడిచెళ్తే రైతు బజారు కదమ్మా అంటే "రెండూ ఒకటే వదినా" అంటుంది. గడ్డకట్టిన కూరల్లో ఇంకా ఏటి మిగులుతుందండీ?

గాజువాక: బఠాణీ అయితే ఫ్రోజెనే నయం అంటాను నేను. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల్లో ఉంచుతారు, ఆ ముంచడంలో సి విటమిన్ కొంత పోతుంది నిజమే, కానీ తర్వాత నెలలపాటు పెద్దగా తగ్గదు. పచ్చి బఠాణీ చలికాలం పంట కదా, మరి ఎండాకాలంలో బండి మీద ఫ్రెష్ అని అమ్మేది ఏంటి? ఎండు బఠాణీ నానబెట్టి అమ్మేవాళ్లున్నారు, రంగు కలిపేవాళ్లూ ఉన్నారు. అరగంట నీళ్లలో వేసి చూడండి, నీళ్లు పచ్చబడితే పారేయండి.

సీతమ్మధార: బఠాణీ వరకు సరే. ఆకుకూరల దగ్గర మాత్రం ఒప్పుకోను. తోటకూర, గోంగూర పొద్దున్నే వేళ్లకి మట్టితో సహా బజారుకి వస్తుంటే ప్యాకెట్ పాలకూర కొనడం అన్యాయం, రైతుకీ మనకీ. పైగా కరెంటు పోతే? హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014లో, రోజుల తరబడి కరెంటు లేక ఫ్రీజర్లో సరుకంతా పారబోసుకున్నాం కదా.

గాజువాక: ఆకుకూరకి నేనూ బజారుకే వెళ్తానండి, కానీ తెచ్చిన రోజో మర్నాడో వండేయాలి, వారం ఫ్రిజ్‌లో పెట్టి వాడిపోయాక వండితే అందులోనూ సి విటమిన్ చాలామటుకు పోయినట్టే. ఇక ప్యాకెట్ కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడండి, గింజలు విడివిడిగా దొర్లాలి, ఒకటే ముద్దలా ఉందంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, ఆ ప్యాకెట్ వద్దు.

అక్కయ్యపాలెం: మరి డబ్బాలవి? మా నాన్నగారికి బీపీ. ఇంట్లో పుట్టగొడుగులు, పైనాపిల్ డబ్బాలు వాడతాం.

సీతమ్మధార: బీపీ ఉన్నాయనకి డబ్బా అంటే ముందు ఉప్పు చూడండి బాబూ. డబ్ల్యూహెచ్‌ఓ రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది, మనకి ఆవకాయా చారుతోనే ఆ లెక్క దగ్గర పడిపోతుంది. డబ్బాలో నీళ్లు వంపేసి రెండుసార్లు కడిగితే కొంత తగ్గుద్ది. పైనాపిల్ అయితే చక్కెర పాకంలోది మానేసి దాని రసంలోనే వేసింది తీసుకోండి, సీజన్‌లో సింహాచలం కొండ అనాసపళ్లు దొరికినన్నాళ్లు అదీ అక్కర్లేదు. డబ్బా ఉబ్బి ఉంటే మాత్రం రుచి కూడా చూడొద్దు, తెరవకుండానే పారేయండి.